ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి శాండ్ ఫిల్టరా, కార్ట్రిడ్జ్ ఫిల్టరా?

నీళ్ల తేటదనం ఒక్కటే చూస్తే, మడతలు పెట్టిన గుడ్డతో వడకట్టే కార్ట్రిడ్జ్‌దే పైచేయి. అది 10 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మురికిని కూడా పట్టేస్తుంది. ఇసుక సాధారణంగా 20 నుంచి 40 మైక్రాన్ల దాకానే. కానీ ఏళ్ల తరబడి దాన్ని చూసుకోవాల్సింది మనమే కదా, అసలు తేడా అక్కడ తెలుస్తుంది.

శాండ్ ఫిల్టర్‌తో పని తేలిక. ప్రెజర్ గేజ్ ముల్లు మామూలు కంటే 8–10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పెరిగితే పంపు ఆపి, వాల్వ్ హ్యాండిల్‌ని బ్యాక్‌వాష్‌కి (నీళ్లు ఎదురు దిశలో పారి ఇసుకని కడిగే స్థానానికి) తిప్పి, మళ్లీ పంపు వేయాలి. గాజు గొట్టంలో మట్టిరంగు నీళ్లు తేటపడేదాకా ఆగాలి. తర్వాత పంపు ఆపి రిన్స్‌కి (మిగిలిన మురికిని బయటికి పంపే స్థానానికి) మార్చి, కాసేపు నడపాలి. పంపు నడుస్తుండగా హ్యాండిల్ తిప్పితే లోపలి గాస్కెట్ దెబ్బతింటుంది. ఇక వేస్ట్ పైపులోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. పూల్ అడుగున ఇసుక పేరుకుంటుంటే ట్యాంకులోని లాటరల్స్ (ఇసుకని ఆపి నీళ్లని మాత్రమే వదిలే సన్నని చీలికల గొట్టాలు) విరిగి ఉండొచ్చు. అప్పుడు ఇసుకంతా తోడాల్సిందే.

కార్ట్రిడ్జ్‌కి బ్యాక్‌వాష్ ఉండదు, వందల లీటర్లు కాలువపాలు కావు. ట్యాంకర్ కొనే ఇళ్లకి ఇది పెద్ద ఊరట. కాకపోతే మూత తీసి, మడత మడతకీ పైపుతో నీళ్లు పట్టి కడగాలి. ప్రెజర్ వాషర్ జోలికి పోవద్దు, గుడ్డ చిరుగుతుంది. ఉప్పు బోరు నీళ్లయితే మడతల్లో తెల్లగా గార కడుతుంది, ఉత్త నీళ్లకి అది లొంగదు.

చెట్ల మధ్య ఫామ్‌హౌస్, బోరులో నీళ్లు పుష్కలం అనుకుంటే శాండ్ ఫిల్టరే పెట్టండి. నగరంలో చిన్న పూల్ అయితే నా ఓటు కార్ట్రిడ్జ్‌కే. ఒక స్పేర్ కూడా కొని ఉంచుకోండి.