టీసీకే టెస్టు ఫెయిలైతే: కోడ్ మార్చాలా, టెస్టును సవాలు చేయాలా?

బెంగళూరులో జావా సర్వర్ల మీద పనిచేసే మన తెలుగువాళ్లకు రిలీజ్ ముందు ఈ టెన్షన్ తెలిసిందే. జావా సర్వర్లకు ప్రమాణమైన జకార్తా ఈఈకి టీసీకే అనే టెస్టుల సెట్ ఉంటుంది. అందులో తప్పనిసరి టెస్టులన్నీ పాసైతేనే మన సర్వర్ ఆ ప్రమాణానికి 'కంపాటిబుల్' అని చెప్పుకోవచ్చు.

కోడ్ సరిచేస్తే రిలీజ్ వెనక్కి జరుగుతుంది, అంతే. తప్పు మనదైతే వేరే దారి లేదు.

సవాలు చేయడం అలా కాదు. ఆ టెస్టే స్పెసిఫికేషన్‌కు, అంటే ప్రమాణం నియమాలు రాసిన పత్రానికి, విరుద్ధంగా ఉందని ఆధారం చూపిస్తూ, ఆ స్పెసిఫికేషన్ ప్రాజెక్టులోనే ఇష్యూ వేయాలి. వాళ్లు ఒప్పుకుంటే టెస్టును మినహాయింపు జాబితాలో చేరుస్తారు. దాంతో మిగతా సర్వర్ల టీములకూ మేలే. కానీ జవాబు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. అందుకే ఫెయిలైన రోజే స్పెసిఫికేషన్‌లో ఆ పేరా తీసి చదవమంటాను. గడువు దగ్గరపడిందని మనంతట మనమే టెస్టును పక్కన పెట్టేస్తే మాత్రం వాడేవాళ్లను మోసం చేసినట్టే.