ఒతొషి, ఒతోషి: ఒక దీర్ఘం ఖరీదు

ఒసాకాలో శనివారం రాత్రి 12,947 యెన్లు సమర్పించుకున్నాం. తిన్నదేమిటయ్యా అంటే ఉప్పు చల్లి ఉడికించిన పచ్చి సోయా కాయలు, ఆరు పుల్లలకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు (యాకితోరి), చల్లారిపోయిన ఒక ప్లేటు కోడి వేపుడు (కరాగే). క్యోతోలో మాకు ఇష్టమైన రెస్టారెంట్ గురించి రాద్దామని కూర్చున్నాను గానీ ఆ రాత్రి కోపం ఇంకా దిగలేదు. ముందు అది చెప్పేస్తాను.

దోతొంబొరి కాలువ పక్క నడుస్తుంటే వాన పట్టుకుంది. ఒక కుర్రాడు మా గొడుగులోకి దూరి ప్లాస్టిక్ అట్ట ఒకటి ముఖం ముందు పెట్టాడు. నోమిహోదై, అంటే రెండు గంటలపాటు తాగినంత తాగొచ్చు, 1,500 యెన్లే. మా బావమరిది ముఖం వెలిగిపోయింది. "బాగుండే చోటయితే వీడు వానలో నిలబడి ఎందుకు పిలుస్తాడండీ?" అంది మా ఆవిడ. నాకు ఆకలి, వాడికి దాహం. ఇంకెవరు వింటారు?

లిఫ్టులో ఐదో అంతస్తుకి తీసుకెళ్లాడు. కూర్చున్నామో లేదో మూడు చిన్న గిన్నెలు తెచ్చి పెట్టారు. లోపల మొలకలు, పుల్లటి నీళ్లు. మేం అడగలేదు కాబట్టి మర్యాదకి ఇచ్చారేమో అనుకుని తినేశాం. నోమిహోదై ఒకరు తీసుకుంటే బల్ల మీద అందరూ తీసుకోవాల్సిందేనన్నది మొదటి దెబ్బ. మా ఆవిడ రెండు గ్లాసుల ఊలాంగ్ టీ తాగింది, దానికి 1,500. నేను నీళ్లలాంటి బీరు ఒకటిన్నర తాగాను, దానికీ 1,500. మిగతావి బిల్లులో బయటపడ్డాయి. తిండి 3,050. మూడు గిన్నెల మొలకలు, తలకి 550 చొప్పున 1,650. సీటు ఛార్జి తలకి 500. శనివారం కాబట్టి మొత్తం మీద పది శాతం. దాని మీద పన్ను ఇంకో పది శాతం.

ఆ మొలకల గిన్నెనే ఒతోషి అంటారు. ఇజకాయల్లో, అంటే తాగుతూ తినే చోట్లలో, అది పాత ఆచారం. ఆర్డరు వచ్చేలోపు కొరకడానికి ఏదో ఒకటి పెట్టి, మూడు నుంచి ఐదు వందల యెన్లు బిల్లులో వేస్తారు. జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటు లేదు కాబట్టి దాన్ని సీటు అద్దె అనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ ఒతోషీ వేసి, సీటు ఛార్జీ వేస్తే ఒకే కుర్చీకి రెండు అద్దెలు కట్టినట్టే గదా! పన్ను కలిపిన ధర కనిపించేలా రాయాలని 2021 ఏప్రిల్ నుంచి అక్కడ నిబంధన ఉంది. కుర్రాడి అట్ట మీద ఆ ధర లేదు. నేను గొంతు పెంచబోతే కౌంటర్లో అతను అట్టని తిరగేసి అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లిఫ్టులోకి లాగింది. దారిపొడవునా బావమరిది ఒక్క మాట మాట్లాడలేదు. వాడు తాగింది నాలుగు బీర్లు, ముగ్గురిలోకీ డబ్బు గిట్టుబాటయింది వాడొక్కడికే.

మీరు వెళితే ఒకటే మాట: వీధిలో పిలిచేవాడి వెంట వెళ్లకండి. అలా పిలవడాన్ని నగరంవాళ్లే నిబంధన పెట్టి కట్టడి చేస్తున్నారు, అయినా వాళ్లు నిలబడుతూనే ఉంటారు. తప్పక వెళితే తలుపు దగ్గరే "ఒతోషి అరిమసు క?" అని అడగండి. ఉంటే ఎంతో చెబుతారు. "సెకిర్యో" అంటే సీటు ఛార్జి, అది కూడా అడగండి. మొహమాటపడకండి.

ఆదివారం మధ్యాహ్నం హాంక్యూ రైల్లో క్యోతో చేరాం. మనిషికి 410 యెన్లు, ముప్పావు గంట, ముగ్గురికీ సీట్లు దొరికాయి. కరసుమ స్టేషన్ దగ్గర బస, ముగ్గురికి రాత్రికి 21,600. శుభ్రంగా ఉంది, ఏసీ గడ్డ కట్టించింది, కాకపోతే పెట్టె తెరిస్తే మనిషి మంచం మీదికి ఎక్కాల్సిందే. జులైలో క్యోతో చుట్టూ కొండలు పెట్టిన ఆవిరి గిన్నెలా ఉంటుంది, అది తెలిసే వెళ్లాం.

సోమవారం సాయంత్రం మా రెస్టారెంట్. ఇది నాలుగోసారి. పేరు చెప్పను, కోపం తెచ్చుకోకండి. తొమ్మిది కుర్చీలున్న చోటు అది, పదో మనిషి వస్తే నాకు చోటుండదు. కియమచి వీధి నుంచి పక్క సందులోకి తిరిగితే నీలం నొరెన్ తెర. వంట పెద్దాయనది, వడ్డన ఆయన భార్యది. నగదు మాత్రమే. ముందురోజు బసలో రిసెప్షన్ అమ్మాయి చేత ఫోన్ చేయించుకుంటే చాలు. కూర్చోగానే చేతులకి తడి తువ్వాలు, దాని వెంటే పెద్దావిడ ఎప్పుడూ ఇచ్చే చిన్న గిన్నె. ఈసారి ఆకుకూర, వేయించిన తోఫు పలకలు దషిలో నానబెట్టి చల్లగా ఇచ్చింది. దషి అంటే కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి చెక్కిన చేప వేసి తీసిన నీరు. ఆ కొంబు రుచి దేని వల్ల వస్తుందో 1908లో తేల్చి, దానికి ఉమామి అని పేరు పెట్టిన ఇకెద కికునాయె పుట్టింది ఈ ఊళ్లోనే. గిన్నె అడుగున నీళ్లు కూడా మా ఆవిడ ఎత్తి తాగేసింది. ఐదో అంతస్తు మొలకలు గుర్తొచ్చి, "ఆప్యాయంగా పెట్టడమంటే ఇదీ" అన్నాను. అందరూ తలూపారు.

మూడుసార్లూ మేం తిన్నది అవే మూడు: దషిమకి ఆమ్లెట్, ఉప్పు వేసి కాల్చిన సబ చేప, కరాగే. ఈసారి కొత్తవే తినాలని రైల్లోనే ఒట్టు పెట్టించాను. బావమరిది మాత్రం, "కరాగే లేకుండా ఇక్కడికెందుకు బావా?" అని సణుగుతూనే ఉన్నాడు.

గోడకి వేలాడుతున్న చేతిరాత కాగితాలు చూశాను. హిరగానా లిపి నేను కూడబలుక్కుని చదవగలను. మొదటి కాగితం: హ-మొ, ఒ-తొ-షి. 1,600 యెన్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడా మొదలెట్టారా! అదీ పదహారు వందలా! పెద్దావిడకి కాగితం చూపించి, కుర్చీ చూపించి, ముఖం చిట్లించాను. ఆవిడకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక పొయ్యి దగ్గరున్న భర్తకి చెప్పి, ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆవిడ బల్ల మీద వేలితో రాసి చూపించింది. కుర్చీ అద్దె ఒతోషి, మధ్యలో ఇంకో 'ఒ' అక్షరం ఉంటుంది, సాగదీయాలి. ఇది ఒతొషి, అంటే జారవిడిచింది, మరిగే నీళ్లలో వేసి తీసింది. దీర్ఘం ఉంటే దండగ, హ్రస్వమైతే చేప. గుణింతాలు వల్లె వేసి పెరిగిన మనం తప్పాల్సిన చోటు కాదిది.

హమొ అంటే పాములాంటి చేప, ఒంటినిండా సన్నటి ముళ్లు. ఏరడం కుదరదు కాబట్టి ముళ్లతో సహా కోస్తారు. పెద్దాయన బరువైన కత్తి తీసి, చర్మం తెగకుండా మాంసాన్ని మాత్రం జర్రు జర్రుమని కోసుకుంటూ పోయాడు. మూడు సెంటీమీటర్ల మేర ఇరవై నాలుగు గాట్లు పడితేనే చేయి తిరిగినవాడని లెక్క. ఆ ముక్క మరిగే నీళ్లలో పడగానే తెల్లటి పువ్వులా విచ్చుకుంది, వెంటనే చల్లటి నీళ్లలోకి. క్యోతోకి సముద్రం దూరం. వెనకటి రోజుల్లో ఎండాకాలంలో ఇంత దూరం ప్రాణంతో వచ్చే మొండి చేప ఇదేనట, అందుకే జులైలో గియోన్ పండగ నాళ్లకి ఇది ఉండి తీరాలి. రుచి సంగతి నిజం చెప్పాలంటే, చేప చప్పగా, మెత్తగా ఉంది. పక్కన పెట్టిన ఉమె పండు ముద్ద పులుపే పనంతా చేసింది. పదహారు వందలు ఆ కత్తికి ఇచ్చాననుకున్నాను. ఇంకోసారి తింటానా? చూడ్డానికైతే సరే, తినడానికైతే వద్దు.

తర్వాత అయు చేప, ఒక్కోటి 1,300, రెండు. ఏటి చేప, ఈదుతున్నట్టు వంచి పుల్లకి గుచ్చి, రెక్కలకి ఉప్పు దట్టించి కాలుస్తారు. పేగులు తియ్యరు. అది చెప్పగానే బావమరిది తన సగం నా వైపు నెట్టాడు. మా ఆవిడ మాత్రం పెద్దావిడ చూపించినట్టు చేపని చాప్‌స్టిక్స్‌తో అటూ ఇటూ నొక్కి, తల పట్టుకుని మెల్లగా లాగింది. వెన్నుముల్లు మొత్తం ఒక్క ముక్కగా వచ్చేసింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. ఆ గర్వంతో పేగుల దగ్గర చేదు కూడా తినేసి, "ఇదే బాగుంది, మీకు తెలీదు" అంది. పక్కన ఆకుపచ్చటి తదె ఆకు వెనిగర్ ఇస్తారు, అందులో అద్దితే చేదు తగ్గుతుంది. చేపలో దోసకాయ వాసన ఉంది. నేను నమ్మలేదు, మళ్లీ వాసన చూశాను, ఉంది.

నా తప్పు ఒకటుంది. షియోకర, 600. స్క్విడ్ ముక్కలు దాని పేగుల్లోనే ఉప్పేసి పులియబెట్టినది. పెద్దావిడ ముందే చెయ్యి అడ్డంగా ఊపింది. నేను వినలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని బీరంతా తాగేసి ఇంకో బీరు చెప్పాను. అంతకంటే రాయను.

కమొ వంకాయ దెన్‌గకు, 1,200. దీని కోసమైతే టిక్కెట్టు కొనుక్కుని మళ్లీ వెళతాను. క్యోతోలో పండే బంతిలాంటి గుండ్రటి వంకాయని అడ్డంగా సగానికి కోసి, నూనెలో మగ్గబెట్టి, పైన తియ్యటి మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, పూసి కాలుస్తారు. చెంచాతో తీస్తే వెన్నలా వచ్చింది. ఒకటి చెప్పాం, ముగ్గురం కొట్టుకున్నాం, రెండోది చెప్పాం. శాకాహారులు సంబరపడకండి, మిసోలో చేప దషి కలుస్తుంది, ముందు అడిగి తెలుసుకోండి.

ఇంకో సలహా. ఇలాంటి చోట "ఒమకసె" అనకండి. అంటే అంతా మీ ఇష్టం అని, ధర కూడా వాళ్ల ఇష్టమే. "ఒసుసుమె వ?" అనండి, ఈ రోజు ఏది బాగుందో కాగితం చూపిస్తారు, కింద ధర కనిపిస్తూనే ఉంటుంది.

చివర్లో అన్నం, ఊరబెట్టిన కూరలు, ఎర్ర మిసో సూప్ తలకి 500. బావమరిది ముఖం చూడలేక కరాగే కూడా చెప్పాను, 900. అది రాగానే ఒట్టు పెట్టించిన నేనే రెండు ముక్కలు ఎక్కువ తిన్నాను.

బిల్లు చేతిరాతలో వచ్చింది. 12,200, పన్నుతో కలిపి. ఒసాకా దోపిడీ కంటే 747 తక్కువ. ఆ ముక్క విజయగర్వంతో చెబుతుంటే మా ఆవిడ కాగితం లాక్కుని పై వరస చూపించింది. త్సు-కి-ద-షి, మూడు, 1,200. పెద్దావిడని అడిగాను. ఆవిడ నవ్వుతూ ఖాళీ చిన్న గిన్నె ఎత్తి చూపించింది. ఒతోషిని ఈ ప్రాంతంలో అలా అంటారట.

మూడుసార్లూ నేను ఈ బిల్లులో చివరి అంకె తప్ప ఏమీ చూడలేదు. ఆ గిన్నె ఆవిడ మా మీద అభిమానంతో పెడుతుందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వుతోంది. బావమరిది గిన్నె అడుగున మిగిలిన ఆకు నోట్లో వేసుకుని, "బావా, ఇంకోటి ఇస్తారేమో అడుగు, నాలుగొందలే కదా" అన్నాడు.