పెద్ద మోటర్‌హోమా, చిన్న క్యాంపర్ వ్యానా? నెల్లూరు, ఒంగోలు కుటుంబాలకు ఏది మేలు?

ఇంటిల్లిపాదీ తిరగడానికి మోటర్‌హోమ్ కొనాలని కోరిక పుట్టిందంటే మన వాళ్ళకు మూడు దారులు కనపడతాయి. ఒకటి, ఫోర్స్ ట్రావెలర్ 4020 లాంటి పొడుగు బండి తీసుకుని మంచాలు, బాత్రూము, వంటగట్టు అన్నీ లోపలే కట్టించుకోవడం. రెండు, అదే ఫోర్స్ కంపెనీ వ్యాను అర్బేనియా మీడియం గానీ టాటా వింగర్ గానీ తీసుకుని నలుగురు పడుకునేట్టు చిన్న క్యాంపర్ చేయించుకోవడం. మూడు, ఇంట్లో ఉన్న ఇన్నోవాకో స్కార్పియోకో వెనక కారవాన్ ట్రైలర్ తగిలించుకోవడం.

నా మాట ముందే చెప్పేస్తా. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఎప్పుడన్నా ఒక పెద్దమనిషి తోడు వచ్చే కుటుంబమైతే రెండోది తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మనో నాన్ననో ప్రతిసారీ వెంట తీసుకెళ్ళే వాళ్ళకు మొదటిది. మూడోది మన దగ్గర వద్దు.

ట్రైలర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఇంజిన్ లేదు కాబట్టి చవకగా కనపడుతుంది. కానీ దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు. మన దగ్గర అమ్మే కార్లలో చాలావాటి మాన్యువల్లో ఇంత బరువు లాగొచ్చని రాసి ఉండదు. రాయని బరువు లాగించి క్లచ్ కాలిందంటే వారంటీ అడగడానికి నోరు రాదు. బండి నడిచేటప్పుడు ట్రైలర్లో మనుషులు కూర్చోకూడదు. పసిబిడ్డకు ఒళ్ళు వెచ్చబడి పడుకోబెట్టాలన్నా రోడ్డు పక్కన ఆపాల్సిందే. ఇక రివర్స్ గురించి చెప్పక్కర్లేదు. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ తోక ఎడమకు పోతుంది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట సందుల్లో ఒక్కసారి ఇరుక్కుంటే వీధి వీధంతా వచ్చి తలా ఒక సలహా ఇస్తారు.

మిగిలింది పెద్దదా చిన్నదా అన్నది.

పెద్ద బండి షోరూంలో చూస్తే మనసు లాగేస్తుంది. లోపల నిటారుగా నిలబడి నడవచ్చు, వెనక అడ్డంగా డబుల్ బెడ్డు, పక్కన బాత్రూము. దాన్ని ఇంటికి తెచ్చాక అసలు కథ. పైకప్పు మీద ఏసీ యూనిట్ ఎక్కితే ఎత్తు మూడు మీటర్ల దగ్గరికి పోతుంది. నెల్లూరు ఊరిని రైలు పట్టాలు రెండుగా చీల్చాయి. అటు నుంచి ఇటు రావాలంటే మాగుంట లేఅవుట్ దగ్గరో ఆత్మకూరు బస్టాండ్ దగ్గరో అండర్ బ్రిడ్జి కిందికి దిగాలి, లేదా చుట్టూ తిరిగి ఫ్లైఓవర్ ఎక్కాలి. దిగే ముందు ఎత్తు చూసుకోవాలి, వాన పడ్డ రోజైతే నీళ్ళూ చూసుకోవాలి. వీధిలో కేబుల్ టీవీ వైర్లు ఇంకో తలనొప్పి. అర్బేనియాలో కూడా 4400 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం) రకం ఏడు మీటర్ల పొడవు ఉంటుంది, కాబట్టి వ్యాన్ అన్నంత మాత్రాన చిన్నదని అనుకోవద్దు. చిన్న క్యాంపర్‌కు 3615 వీల్‌బేస్ మీడియం చాలు. టేపు తీసుకుని మీ గేటు, మీ వీధి మలుపు, ఎదురింటి వాళ్ళ అరుగు కొలిచాకే షోరూంకు పోండి.

సముద్రం ఒడ్డున ఆపుకుని తెల్లవారు సూర్యుణ్ణి చూడాలని అందరికీ ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం దగ్గరే కదా. తారు రోడ్డు అయిపోయాక ఇంకో ఇరవై అడుగులు ముందుకు పోదామనిపిస్తుంది. ఆ ఇరవై అడుగుల్లోనే వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోతాయి. ట్రావెలర్, అర్బేనియా రెండూ వెనక చక్రాలతో నడిచేవి. వింగర్‌కు ముందు చక్రాలు లాగుతాయి గానీ, వెనక మంచాలూ నీళ్ళ ట్యాంకూ మోస్తుంటే ముందు చక్రాలకు పట్టు చాలదు. ట్రాక్టర్ అబ్బాయి గొలుసు తగిలిస్తూ "ఏందినా, ఇంత బరువేసుకుని ఇసకలోకి దిగినారే?" అని నవ్వుతాడు. చిన్నదాన్ని నలుగురు తోసి, టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే ఒక్కోసారి బయటపడుతుంది. పెద్దదానికి ట్రాక్టరే దిక్కు.

కొండ దారి ఇంకో పరీక్ష. పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం పోవడం మన వాళ్ళకు అలవాటే. దోర్నాల దాటాక నల్లమలలో రాత్రి పూట అటవీశాఖ గేటు వేస్తారు, తెల్లవారితే గానీ తెరవరు. నెల్లూరులో మధ్యాహ్నం భోంచేసి బయలుదేరి, టీలకూ పిల్లల ఆకలికీ ఆగుతూ పెద్ద బండిని మెల్లగా తోలుకొస్తే దోర్నాల చేరేసరికి గేటు పడే వేళవుతుంది. కారులో వచ్చినవాడు లాడ్జి వెతుక్కుంటాడు. మీరు బండిలోనే పడుకుంటారు. మోటర్‌హోమ్ కొన్నది అందుకే. అయితే ఆ రాత్రి నిద్ర పడుతుందా లేదా అన్నది బండి సైజు చెప్పదు, బ్యాటరీ చెబుతుంది.

కొనేముందు మీరు ఎక్కువసేపు కూర్చుని లెక్కేయాల్సింది ఇదే. మే నెలలో మన ఎండ 43, 44 డిగ్రీలు తాకుతుంది. కోస్తా మొత్తం రాత్రిపూట ఉక్క. ఊటీ పోయేవాడికి ఫ్యాను చాలు, మనకు ఏసీ లేనిదే పిల్లలు పడుకోరు. టన్ను ఇన్వర్టర్ ఏసీ లోపల చల్లబడ్డాక గంటకు అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ దాకా తింటుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వేస్తే నాలుగు నుంచి ఆరు యూనిట్లు. బండ్లు కట్టేవాళ్ళు గొప్పగా చూపించే 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్లే. అర్ధరాత్రి దాటి రెండింటికల్లా ఏసీ ఆగిపోయి, పిల్లలు లేచి, ఆయన మీద ఆవిడ, ఆవిడ మీద ఆయన విసుక్కోవడం. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఇంకా అన్యాయం. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. మన ఊరికి ఐదు యూనిట్లకు తగ్గని లిథియం పెట్టించండి, సోఫా గుడ్డలో మిగుల్చుకుని అయినా సరే.

దాన్ని నింపేదెట్లా? ఒక కిలోవాట్ సోలార్ ప్యానెళ్ళు మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. పెద్ద బండి కప్పు మీద అంత పడుతుంది, చిన్నదాని మీద అందులో సగం. ఇక్కడ పెద్ద బండి గెలిచినట్టే కనపడుతుంది గానీ, దాని లోపలి గాలీ ఎక్కువే, ఎండకు కాలే రేకూ ఎక్కువే, కాబట్టి ఏసీ కూడా టన్నున్నర కావాల్సి వస్తుంది. వచ్చింది వచ్చినట్టే పోతుంది. బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి ఈ ఏసీ బ్యాటరీకి ఎక్కించే 60 ఆంపియర్ల డీసీ ఛార్జర్ పెట్టిస్తే, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా 120 కిలోమీటర్లు పోయేసరికి ఒకటిన్నర యూనిట్ ఎక్కుతుంది. అడిగి మరీ పెట్టించుకోండి, చాలామంది దీన్ని వదిలేస్తారు. మిగతాది గోడ ప్లగ్గే. కేరళ 2021లో కారవాన్ పాలసీ తెచ్చి వాగమణ్‌లో కారవాన్ పార్కు పెట్టింది. మన హైవే మీద ఇప్పటికి పెట్రోల్ బంకో, దాబానో, కల్యాణ మండపమో. రాత్రికి ఇంత అని ముందే మాట్లాడుకుని 15 ఆంపియర్ల ప్లగ్గులో తగిలిస్తే గొడవ లేదు. అందుకే బండిలో పాతిక మీటర్ల మంచి కేబుల్ ఉండాలి.

బ్యాటరీ ఎంత పెట్టినా కప్పుకు ఇన్సులేషన్ సరిగా లేకపోతే కుండకు చిల్లి పెట్టుకున్నట్టే. దీన్ని చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. బండి కట్టేవాళ్ళ యార్డుకు మధ్యాహ్నం రెండింటికి పోండి. వాళ్ళ డెమో బండిని గంటసేపు ఎండలో పెట్టించి, లోపలికి ఎక్కి కప్పుకు అరచెయ్యి ఆనించండి. ఆనించి పదిదాకా లెక్కపెట్టగలిగితే పనితనం బాగున్నట్టు. చెయ్యి చటుక్కున తీసేశారంటే రేకుకూ ప్యానెల్‌కూ మధ్య పల్చటి నురగ షీటు తప్ప ఏమీ లేదు. కిటికీ ఫ్రేముల చుట్టూ, తలుపు వంపుల్లో కూడా చెయ్యి పెట్టి చూడండి, వేడి దూరేది అక్కడి నుంచే.

తర్వాత బరువు. పెద్ద బండి కట్టించేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడ. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటే ముప్పై కిలోలు దాటుతుంది. అల్మరాలు, మంచాలు అన్నీ దాంతోనే కొట్టించుకుంటూ పోతే ఇంట్లో వడ్రంగి పని చేయించినంత అందంగా ఉంటుంది, అంత బరువూ ఉంటుంది. పైగా వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోలు. అల్యూమినియం ఫ్రేము, తేలిక ప్యానెళ్ళు అడగండి. ప్లై తప్పకపోతే ఐఎస్ 710 రకం మెరైన్ ప్లై మాత్రమే, మామూలు కమర్షియల్ ప్లై మన ఉప్పుగాలికీ తేమకూ ఉబ్బిపోతుంది. డెలివరీ తీసుకునే రోజు నీళ్ళ ట్యాంకు, డీజిల్ నింపించి, ఇంట్లో వాళ్ళందరినీ ఎక్కించి దగ్గర్లో ఉన్న రైస్ మిల్లు కాటాకు తోలించండి. మన జిల్లాలో రైస్ మిల్లులకు కొదవ లేదు. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక చీటీ, తర్వాత వెనక చక్రాలు పెట్టి ఇంకో చీటీ, ఆఖరికి మొత్తం బండికి ఒకటి. ఆర్‌సీలో రాసిన గ్రాస్ వెయిట్‌కు (మనుషులు, సామానుతో కలిపి బండి మోయొచ్చని చెప్పిన మొత్తం బరువు), ఒక్కో ఇరుసుకు కంపెనీ చెప్పిన హద్దుకు పక్కన పెట్టి చూడండి. వెనక ఇరుసు హద్దు దాటిందంటే ఆ రోజే వెనక్కి పంపండి. డబ్బు చివరి వాయిదా ఈ కాటా చీటీ చూశాకే ఇస్తామని అగ్రిమెంటులో రాయించుకుంటే ఇంకా మేలు.

సీట్ల గురించి ఒక్క ముక్క. ఎంతమంది పడుకుంటారని అందరూ అడుగుతారు, ఎంతమంది బెల్టు పెట్టుకుని కూర్చుంటారని ఎవరూ అడగరు. పక్కవాటంగా వేసిన సోఫా బెంచీల మీద ఆరుగురు కూర్చోవచ్చని చెబుతారు. హైవే మీద డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే ఆ ఆరుగురూ ఒకరి మీద ఒకరు పడతారు. మీ ఇంట్లో ఎంతమందో అన్ని ముందుకు తిరిగిన సీట్లు, అన్నిటికీ మూడు పాయింట్ల బెల్టులు. ఇది కుదరని డిజైన్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

బాత్రూము దగ్గర పెద్ద బండి నిజంగా గెలుస్తుంది. రాత్రి రెండింటికి పెద్దావిడకు బాత్రూముకు పోవాలంటే బంకు దాకా నడిపించడం కష్టం, అక్కడ శుభ్రమూ అంతంతే. చిన్న వ్యానులో సీటు కింద నుంచి లాగే క్యాసెట్ టాయిలెట్ పెట్టుకోవచ్చు, కానీ దాని కింద మురుగు పట్టే పెట్టె ఇరవై లీటర్ల లోపే, నలుగురికి రెండు రోజులు. ఖాళీ చేయడం ఎవరి వంతు అన్నది ఇంట్లో ముందే తేల్చుకోవాలి. వంటకు మాత్రం చిన్నదే మేలు. వెనక తలుపు ఎత్తితే బయటికి జరిగే స్టవ్, చెట్టు కింద నిలబడి వండుకోవచ్చు. పెద్ద బండిలో లోపలి వంటగట్టు మీద మన చేపల పులుసు ఒక్కసారి కాచి చూడండి, ఇంటికి తిరిగొచ్చాక కూడా పరుపుల్లో ఆ వాసనే.

కాగితాల పని రెండింటికీ ఒకటే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. మోటార్ కారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. బండ్లను పరీక్షించే పుణె ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల దగ్గర ఆ ప్రకారం ఆమోదం తెచ్చుకున్నవాళ్ళ దగ్గరే కట్టించండి, సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకోండి. ఆర్‌సీలో వాహనం తరగతి క్యాంపర్ వ్యాన్ అనో మోటార్ కారవాన్ అనో పడాలి. మ్యాక్సీ క్యాబ్ (కిరాయికి మనుషుల్ని తిప్పే వ్యాను) ఆర్‌సీ మీద మంచాలు వేసుకు తిరిగితే, యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేది ఆ కాగితాన్నే. లైసెన్సుకు దిగులు లేదు, 7,500 కిలోల గ్రాస్ వెయిట్ దాకా కారు నడపడానికి ఇచ్చే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సే సరిపోతుంది. ఇన్సూరెన్స్ చేయించేటప్పుడు లోపల చేయించిన పని విలువ కూడా చేర్పించండి.

డబ్బు లెక్క చాలామంది వేసుకోరు. పాతిక లక్షలు తొమ్మిది శాతానికి అప్పు తెస్తే మొదటి ఏడాది వడ్డీయే రెండు లక్షల పాతిక వేల దగ్గర. ఏడాదికి పదిహేను రాత్రులు బండిలో పడుకుంటే, ఒక్కో రాత్రికి వడ్డీ ఒక్కటే పదిహేను వేలు. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు. పిల్లల బడి సెలవులు, మీ ఉద్యోగం సెలవులు చూసుకుని ఏడాదికి ఎన్ని రాత్రులో నిజాయితీగా రాసుకోండి. తక్కువైతే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో అద్దె బండి తీసుకోండి. కొనాలని గట్టిగా ఉన్నా ముందు ఒకసారి అద్దెకు తీసుకుని మే నెలలోనే పోండి. డిసెంబరులో అద్దెకు తీసుకుని చల్లగా తిరిగొచ్చినవాడికి అన్ని బండ్లూ మంచివే.

సెకండ్ హ్యాండ్ దొరికితే ట్రావెలర్ మీద కట్టినదే చూడండి. అయ్యప్ప సీజన్లో మన రోడ్ల మీద తిరిగేవన్నీ అవే, ఏ ఊళ్ళోనైనా మెకానిక్ ఉంటాడు, స్పేర్లు దొరుకుతాయి. అయితే చెన్నై నుంచి వచ్చే బండ్ల దగ్గర కాస్త కాచుకోండి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు అక్కడ ఎన్నో బండ్లు నీళ్ళలో మునిగాయి, కడిగి తుడిచి అమ్మకానికి పెడితే పైకి తెలియదు. ప్రతి సీటు బెల్టునూ చివరిదాకా బయటికి లాగండి. రోజూ వాడే ముందు భాగం శుభ్రంగా ఉంటుంది, చుట్టలో లోపల ఉండే చివరి రెండడుగుల మీద ఎండిన బురద గీత పడి ఉంటుంది. అది కనపడ్డాక ధర తగ్గిస్తామన్నా బేరానికి కూర్చోవద్దు.