గోదావరిఖని ఎండలో డీప్‌కూల్ ఏకే400

ముందే చెప్పేస్తాను. సొంతంగా అసెంబుల్ చేసుకున్న డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ వేడెక్కిపోతోందని టెన్షన్ పడుతున్నవాళ్లకు, ప్రాసెసర్ మీద బిగించే ఈ డీప్‌కూల్ ఏకే400 కూలర్ కొనుక్కోమనే చెబుతాను. కాకపోతే అంతకుముందు మీ సిస్టమ్‌లో వేడి ఎక్కడ చిక్కుకుంటోందో చూసుకోవాలి. అది చూడకుండా ఎంత మంచి కూలర్ బిగించినా సగం ఫలితమే వస్తుంది. అందుకే ఈ రివ్యూ కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

మాది గోదావరిఖని. పెళ్లి వీడియోలు, ఫంక్షన్ వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే, మే నెలలో 45 కూడా చూస్తాం. నా ఎడిటింగ్ గది మేడ మీద, సరిగ్గా స్లాబు కింద ఉంటుంది. ఏసీ లేదు. పైగా బొగ్గు గనుల ఊరు, కిటికీ ఎంత మూసినా సన్నటి నల్ల దుమ్ము వచ్చి చేరుతుంది. మధ్యాహ్నం రెండింటికి టేబుల్ మీద పెట్టిన చిన్న డిజిటల్ థర్మామీటర్ 36 చూపిస్తుంది. ఈ 36 అనే అంకెను గుర్తుంచుకోండి, మిగతా లెక్కంతా దీని మీదే.

నా సిస్టమ్‌లో ఉన్నది ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600. ఆరు కోర్‌లు, పన్నెండు థ్రెడ్‌లు. డబ్బా మీద 65 వాట్లు అని ఉన్నా ఫుల్ లోడ్‌లో 76 వాట్ల దాకా తీసుకుంటుంది. ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. అంతకు చేరగానే కాలిపోదు, తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. డబ్బాలో దీంతోపాటు వ్రెయిత్ స్టెల్త్ అనే చిన్న కూలర్ వస్తుంది. మొత్తం అల్యూమినియమే, రాగి పైపులు ఉండవు. చల్లటి గదిలో ఆఫీసు పని చేసుకునేవాళ్లకు అది చాలు. వేసవి మధ్యాహ్నం మేడ మీద గదిలో గంటలకొద్దీ రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేయడం) పెట్టేవాళ్ల కోసం చేసింది కాదది.

వేడి ఎంతుందో చూడటానికి చాలామంది టాస్క్ మేనేజర్ తెరుస్తారు. అందులో గ్రాఫిక్స్ కార్డు టెంపరేచర్ కనిపిస్తుంది కానీ ప్రాసెసర్‌ది కనిపించదు. నేను వాడేది హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 అనే ప్రోగ్రామ్, ఉచితమే. తెరిచేటప్పుడు సెన్సార్స్ ఓన్లీ అన్నచోట టిక్ పెడితే నేరుగా పెద్ద పట్టిక వస్తుంది. అంత పెద్ద పట్టిక చూసి భయపడక్కర్లేదు. రైజెన్ వాళ్లు చూడాల్సింది సీపీయూ టీసీటీఎల్/టీడై అనే వరుస. దాని పక్కనే ఇప్పటి అంకె, కనిష్ఠం, గరిష్ఠం, సగటు అని నాలుగు గడులు ఉంటాయి. ఆ తర్వాత సీపీయూ పీపీటీ, అంటే ఎన్ని వాట్లు తాగుతోందో చెప్పేది. కిందెక్కడో థర్మల్ థ్రాట్లింగ్ అని ఉంటుంది. అక్కడ నో ఉన్నంతవరకు ప్రాసెసర్ వేడికి వెనకడుగు వేయలేదని అర్థం, ఎస్ పడిందంటే వేసినట్టే.

ఊరికే డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు వచ్చే అంకెను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. రైజెన్‌లో బ్రౌజర్ తెరిచినా ఒక్క క్షణం పది డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది. అది దాని స్వభావం, జబ్బు కాదు. సరిగ్గా తెలియాలంటే ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి చూసే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌లో మల్టీ కోర్ పరీక్ష పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మొదటి రెండు నిమిషాల అంకె లెక్కలోకి రాదు, లోహం నిండా వేడి పట్టడానికి టైమ్ పడుతుంది. చివర్లో నిలకడగా ఎక్కడ ఆగిందో అదే మీ అంకె. పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి.

పాత కూలర్‌తో నా అంకె 90. థ్రాట్లింగ్ దగ్గర ఎస్. నాలుగు గిగాహెర్ట్జ్ మీద నడవాల్సింది అంతకంటే కిందికి జారేది. గది 36 కాబట్టి తేడా 54 అని రాసుకున్నా, ప్రాసెసర్ తనే తగ్గి పనిచేస్తోంది కనుక అసలు తేడా ఇంకా ఎక్కువే. ఈ తేడా చూసుకోవడమే ముఖ్యం. గాలితో పనిచేసే ఏ కూలరైనా గది వేడి కన్నా కిందికి దించలేదు, గది ఒక డిగ్రీ పెరిగితే లోపల కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. చల్లటి దేశాల్లో 22 డిగ్రీల గదిలో తీసిన యూట్యూబ్ వీడియో చూసి, వాళ్లకు 65 వచ్చింది మనకు 79 ఎందుకొచ్చిందని బెంగపడేవాళ్లు ఎంతోమంది. పైనున్న 14 డిగ్రీలు మన గదివి, కూలర్‌వి కావు.

కరీంనగర్‌లో ఒక షాపులో అడిగితే లిక్విడ్ కూలర్ తప్ప దారి లేదన్నారు. ధర ఏకే400కు మూడు నాలుగింతలు. నేను గట్టిగా కాదంటాను. లిక్విడ్ కూలర్ కూడా ఆ వేడిని చివరికి ఇదే గది గాలిలోకి వదలాలి. 253 వాట్ల దాకా తాగే ఇంటెల్ ఐ9ల లాంటి వాటికి అది అవసరమే. 76 వాట్ల ప్రాసెసర్‌కు అంత హంగు, పైన ఒక పంపు, అది ఎప్పుడాగుతుందోనన్న భయం ఎందుకు? చివరికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో ఏకే400 తీసుకున్నాను, రెండు వేల పైచిలుకు అయింది. అక్కడ షాపు షాపుకూ రేటు మారుతుంది, నాలుగు చోట్ల అడగండి. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

ఇది టవర్ కూలర్. నిలువుగా నిలబడుతుంది, ఎత్తు 155 మిల్లీమీటర్లు, బరువు 661 గ్రాములు. వేడిని పైకి మోసుకెళ్లే నాలుగు రాగి హీట్ పైపులు అడుగున ప్రాసెసర్‌ను నేరుగా తాకేలా చదును చేసి ఉంటాయి. ముందువైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి, 500 నుంచి 1850 ఆర్‌పీఎం వరకు తిరుగుతుంది. 220 వాట్ల వరకు మోస్తుందని కంపెనీ రాసుకుంది. ఆ అంకెను నేను పట్టించుకోను, మన వేడిలో అందులో సగం పనిచేసినా మనకు చాలు.

బిగించేటప్పుడు జాగ్రత్త పడాల్సింది పాత కూలర్ తీసేటప్పుడే. నాది ఏఎం4 అనే సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్, దానికి కింద సన్నటి పిన్నులుంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే, కూలర్‌ను నిలువుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది. పిన్ను వంగితే అంతే సంగతులు. అందుకని ముందు ఒక పావుగంట సినీబెంచ్ నడిపి పేస్ట్‌ను మెత్తబడనిచ్చాను. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేసి, నాలుగు స్క్రూలు విప్పాక, కూలర్‌ను రెండు చేతులతో పట్టుకుని ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పుతూ వదులు చేశాను. చిన్న శబ్దంతో విడిపోయింది. పేస్ట్ నడిమధ్యలో గట్టిపడి పగుళ్లిచ్చింది, అంచుల్లో పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లిన మెత్తటి బట్టతో ప్రాసెసర్ పైభాగం మెరిసేదాకా తుడిచాను.

ఆ స్క్రూలు తీయగానే మదర్‌బోర్డు వెనకున్న లోహపు ప్లేటు వదులైపోతుంది. ఏకే400కు కూడా ఏఎండీ బోర్డుల్లో అదే ప్లేటు కావాలి. క్యాబినెట్ నిలబెట్టి ఉంటే అది వెనక్కి జారిపోతుంది. మా తమ్ముడు వెనక నుంచి చెయ్యి పెట్టి, "అన్నా, నేను పట్టుకున్నా, నువ్వు కానియ్" అన్నాడు. ఇంకో మనిషి దగ్గర లేకపోతే క్యాబినెట్‌ను పడుకోబెట్టి చేయండి. తర్వాత పని సులువు. ఫ్యాను క్లిప్పులు విప్పి పక్కన పెట్టాలి, కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరు తీయాలి, రెండు వైపులా ఉన్న స్క్రూలను ఇటు కొంచెం అటు కొంచెం మార్చి మార్చి బిగించాలి. ఒకే వైపు మొత్తం బిగిస్తే పేస్ట్ ఒక పక్కకు పోతుంది. అడుగున పేస్ట్ ముందే రాసి ఉంటుంది, మొదటిసారికి అది సరిపోతుంది. ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టాలంటే మాత్రం తుడిచి కొత్తది రాయాల్సిందే, అందుకే ఎమ్ఎక్స్-4 పేస్ట్ ట్యూబు ఒకటి దగ్గర పెట్టుకున్నాను. ఫ్యాను గాలి క్యాబినెట్ వెనకవైపుకు పోయేలా చూసుకోండి. ఏ ఫ్యానుకైనా మోటారును పట్టుకున్న కమ్మీలు ఏ వైపు ఉంటే గాలి సాధారణంగా ఆ వైపు బయటికి వస్తుంది.

అదే మధ్యాహ్నపు వేడిలో, గది 36 ఉండగా, సినీబెంచ్ చివర్లో 81 దగ్గర నిలిచింది. థ్రాట్లింగ్ దగ్గర నో. స్పీడు 4.2 గిగాహెర్ట్జ్ పైనే నిలబడింది. ఎక్స్‌పోర్ట్ టైమ్ సగానికి పడిపోతుందని ఆశపడకండి, తగ్గేది కొద్దిగానే. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్‌తో ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లకు ఆ కొద్దిపాటి తేడా కూడా కనిపించకపోవచ్చు. నాకు ఎక్కువ సంతోషమనిపించింది చప్పుడు తగ్గడం. ఇంతకుముందు రెండర్ నడుస్తుంటే పక్కన ఇంకో పెళ్లి ఆడియో సరిచూసుకునే వీలుండేది కాదు, సన్నాయి వెనక సన్నటి హిస్ ఉందా లేదా అని ఫ్యాను హోరులో వినిపించేది కాదు. ఇప్పుడు వినిపిస్తుంది. పూర్తి వేగంలో తిరిగితే ఈ ఫ్యానుకూ చప్పుడుంటుంది, అయితే ఈ ప్రాసెసర్‌తో అంతదాకా పోయే అవసరం రాదు. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఫ్యాను కర్వ్ సరిచేసి, 70 డిగ్రీల వరకు మెల్లగా, ఆ పైన వేగంగా తిరిగేలా పెట్టాను. వేడి పెరిగాక ఫ్యాను ఎంత ఆగి వేగం పెంచాలో చెప్పే స్టెప్ అప్ టైమ్ లాంటి సెట్టింగ్ మీ బోర్డులో ఉంటే కొంచెం పెంచండి, బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఫ్యాను గుర్రుమనడం ఆగిపోతుంది.

81 నాకు ఇంకా ఎక్కువే అనిపించింది. అప్పుడు క్యాబినెట్ పక్క తలుపు తీసేసి అదే పరీక్ష మళ్లీ పెట్టాను. ఏకంగా 75కు దిగింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, కూలర్ కొనకముందే అందరూ చేయాలి. తలుపు తీస్తే ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే క్యాబినెట్ బాగున్నట్టు. ఐదారు తగ్గిందంటే లోపలికి గాలి రావడం లేదన్నమాట. నా క్యాబినెట్ ముందువైపు నిండా గ్లాసు, గాలి పీల్చేది పక్కనున్న సన్నటి సందుల్లోంచే. లోపల లైట్ల ఫ్యాన్లు మూడున్నా తలుపులన్నీ మూసి వంట చేసినట్టే ఉంటుంది. జాలీ ముందుభాగం ఉన్న క్యాబినెట్‌కు మారాను. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. తలుపు మూసినా 76. కూలర్‌కు పెట్టిన డబ్బు కన్నా క్యాబినెట్‌కు పెట్టిన డబ్బుకు మెచ్చుకోలు తక్కువ దొరుకుతుంది గానీ, పని మాత్రం రెండూ కలిసే చేస్తాయి.

జాలీ పెట్టాక దుమ్ము సంగతి చూడాలి. మా ఊళ్లో ముందు ఫిల్టరును తరచూ తీసి కడగాలి, లేకపోతే నల్లటి పొర కట్టేస్తుంది. ఆరాకే పెట్టాలి. కూలర్ రెక్కల మధ్య దుమ్మును బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగ్ పాడవుతుంది. గదిలో నీళ్ల కూలర్ ఉంటే దాని గాలిని నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పవద్దు, ఆ తేమతో దుమ్ము ముద్దకట్టి రెక్కలకు అంటుకుంటుంది.

చివరి నాలుగు డిగ్రీలు బయోస్‌లో దొరికాయి. పీబీఓ (ప్రాసెసర్ స్పీడు, వోల్టేజి సర్దుకునే విభాగం) కింద కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్‌లకూ నెగటివ్ 15 పెట్టాను. అదే పనికి వోల్టేజి కొంచెం తక్కువ తీసుకుంటుంది, స్పీడు తగ్గదు. 72 దగ్గర నిలిచింది. ప్రతి చిప్పూ ఒకలా ఉండదు. మీది 10 దగ్గరే ఆగాల్సి రావచ్చు. ఫుల్ లోడ్‌లో బాగుండి, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయ్యిందంటే నెగటివ్ అంకె ఎక్కువైనట్టే, తగ్గించండి. బయోస్ జోలికి పోవడం ఇష్టం లేనివాళ్లు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 పెట్టుకోవచ్చు. బూస్ట్ (అవసరాన్ని బట్టి స్పీడు తనే పెంచుకోవడం) ఆగిపోయి 5600 తన మామూలు 3.5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, వేడి బాగా తగ్గుతుంది, పని నెమ్మదిస్తుంది. మే నెల మధ్యాహ్నాలకు తాత్కాలికంగా పనికొస్తుంది.

రైజెన్ 7600ఎక్స్, 7700ఎక్స్ లాంటివి వాడేవాళ్లు నా అంకెలతో పోల్చుకోవద్దు. వాటి హద్దు 95, ఫుల్ లోడ్‌లో అక్కడిదాకా వెళ్లేలాగే తయారుచేశారు. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కూ, ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ1700కూ ఈ కూలర్ సరిపోతుంది, ఇంటెల్‌కు కావాల్సిన వెనక ప్లేటు డబ్బాలోనే ఉంటుంది. ఇంటెల్ ఐ5 12400 ప్రాసెసర్ వాడే మిత్రులు నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆర్డర్ పెట్టేముందు మీ క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో సీపీయూ కూలర్ హైట్ ఎంత ఇచ్చారో చూడండి. 160 ఉంటే హాయిగా పడుతుంది. 155 కన్నా తక్కువ ఉంటే పక్క తలుపు మూయదు, అప్పుడు ఇది కాకుండా పొట్టి టవర్ వెతుక్కోవాలి.