అంతర్జాతీయ వ్యాపార డిగ్రీ భార్యాభర్తలు కలిసి చదివితే: నాలుగు సెమిస్టర్ల తర్వాత సమీక్ష

ఒకే విశ్వవిద్యాలయం, ఒకే ఏడాది ప్రవేశం, ఒకే కోర్సు. రెండేళ్ల ఇంటర్నేషనల్ బిజినెస్ మాస్టర్స్, యూరోపియన్ లెక్కలో 120 క్రెడిట్లు. ఇద్దరం పూర్తి చేశాక రాస్తున్న సమీక్ష ఇది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: జంటగా చదవడానికి ఇంతగా నప్పే డిగ్రీలు చాలా తక్కువ. ఈ చదువులో ఏ అధ్యాయం తీసినా రెండు పక్షాలుంటాయి. అమ్మేవారు ఒకరు, కొనేవారు ఒకరు. పత్రాలు ఇచ్చేవారు ఒకరు, వాటిని పరిశీలించే బ్యాంకు ఒకటి. ఎదుటి పక్షం మన ఇంట్లోనే, మన బల్లకు అవతలే కూర్చుని ఉంటే పాఠం చేతికి వస్తుంది. అదే దగ్గరితనం రాతపనిలోనూ గ్రూపు పనిలోనూ ప్రమాదం కూడా. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో మొదటి వారంలోనే తేల్చుకోవాలి.

ఎక్కువ లాభం వచ్చింది ట్రేడ్ ఫైనాన్స్‌లో. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్.సి., సరైన పత్రాలు చూపితే అమ్మకందారుకు డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) పాఠాన్ని పుస్తకంలో చదివితే రెండు గంటల్లో అయిపోయినట్టే ఉంటుంది, పరీక్షలో పత్రాల కట్ట ముందు పెట్టగానే ఏమీ తెలియదని తేలుతుంది. మేం చెప్పే పద్ధతి ఇది. ఒకరు ఒక పేజీలో ఊహాత్మక ఎల్.సి. రాయాలి: సరుకు వివరణ, పరిమాణం, చివరి షిప్‌మెంట్ తేదీ, గడువు తేదీ, కావలసిన పత్రాలు. రెండోవారు ఎగుమతిదారుగా ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సంస్థ ఇచ్చే సరుకు రసీదు), బీమా పత్రం తయారుచేసి, వాటిలో కావాలనే నాలుగు తప్పులు దాచాలి. మొదటివారు బ్యాంకుగా మారి, 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే ఎల్.సి.ల అంతర్జాతీయ నియమాల ప్రకారం తప్పులు పట్టాలి. ఒక్కో కట్టకు 40 నిమిషాలు పెట్టుకోండి. వారానికి రెండు కట్టల చొప్పున ఆరు వారాలు చేస్తే కన్ను అలవాటు పడుతుంది.

ఏ తప్పులు దాచాలి అన్నదే అసలు చదువు. బీమా పత్రం తేదీ షిప్‌మెంట్ తేదీకి తర్వాత వేయండి. బీమా మొత్తాన్ని సరిగ్గా ఇన్‌వాయిస్ విలువకే ఆపండి, ఎల్.సి. ఏమీ చెప్పకపోతే సీఐఎఫ్ లేదా సీఐపీ (రెండూ కిరాయి, బీమా కలిసిన ధరలు) విలువలో కనీసం 110 శాతం ఉండాలి. పత్రాలను షిప్‌మెంట్ తర్వాత 22వ రోజున సమర్పించినట్టు చూపండి. ఒరిజినల్ రవాణా పత్రాలు ఉన్నప్పుడు, ఎల్.సి.లో వేరే గడువు లేకపోతే, హద్దు 21 రోజులు. ఇన్‌వాయిస్‌లో సరుకు వివరణను కాస్త మార్చండి. ఇక్కడే చాలామంది తడబడతారు. ఇన్‌వాయిస్‌లో వివరణ ఎల్.సి.లో ఉన్నదానికి సరిపోవాలి. మిగతా పత్రాల్లో సాధారణ మాటల్లో ఉన్నా చాలు, విరుద్ధంగా లేకపోతే సరి. అంటే ప్యాకింగ్ లిస్ట్‌లో వివరణ కుదించి రాస్తే అది తప్పు కాదు. తప్పు కానిదాన్ని తప్పు అని పట్టుకోవడం కూడా బ్యాంకు పాత్రలో ఉన్నవారికి మార్కులు పోయే పనే. కాబట్టి ప్రతి కట్టలో నిజమైన తప్పులతో పాటు ఒకటి రెండు ఉత్త అనుమానాలు కూడా పెట్టండి. పత్రాలు అందిన మర్నాటి నుంచి బ్యాంకుకు ఉండేది గరిష్ఠంగా 5 బ్యాంకు పనిదినాలు అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఒంటరిగా చదివేవారికి ఇది కుదరదు. తాను దాచిన తప్పును తానే వెతకడంలో చదువు లేదు.

ఇన్‌కోటర్మ్స్‌కూ (ఖర్చు, నష్టభయం అమ్మకందారు నుంచి కొనుగోలుదారుకు ఎక్కడ మారతాయో చెప్పే అంతర్జాతీయ నిబంధనలు) ఇదే దారి. 2020 కూర్పులో 11 నిబంధనలున్నాయి: ఏ రవాణాకైనా పనికొచ్చేవి 7, సముద్ర, లోతట్టు జలరవాణాకు మాత్రమే 4. బట్టీ పట్టడం వల్ల లాభం లేదు. ఒక కాగితం మీద ఫ్యాక్టరీ నుంచి కొనుగోలుదారు గోదాము వరకు గీత గీసి, ఖర్చు ఎక్కడ మారుతుందో ఒక రంగులో, నష్టభయం ఎక్కడ మారుతుందో ఇంకో రంగులో ఇద్దరూ విడివిడిగా గుర్తు పెట్టి, తర్వాత పోల్చుకోండి. సీఐఎఫ్ దగ్గర రెండు కాగితాలూ దాదాపు ఎప్పుడూ వేరుగా వస్తాయి. అమ్మకందారు గమ్యరేవు దాకా ఓడ కిరాయి, బీమా కడతాడు, కానీ నష్టభయం మాత్రం బయలుదేరే రేవులో సరుకు ఓడ ఎక్కగానే కొనుగోలుదారుకు మారిపోతుంది. దారిలో సరుకు తడిస్తే బీమా సంస్థ దగ్గరికి వెళ్లాల్సింది కొన్నవాడే. పైగా సీఐఎఫ్‌లో తప్పనిసరి బీమా కనిష్ఠ స్థాయి అయిన క్లాజ్ సి. సీఐపీకి మాత్రం 2020 నుంచి విస్తృతమైన క్లాజ్ ఎ కావాలి. ఇంకో సాధారణ తప్పు, కంటైనర్ సరుకుకు ఎఫ్ఓబీ (సరుకు ఓడ ఎక్కేదాకా బాధ్యత అమ్మకందారుది) రాయడం. కంటైనర్‌ను టెర్మినల్‌లో అప్పగించేస్తాం, ఓడ ఎక్కేది తర్వాత. ఆ మధ్యకాలపు నష్టభయం అమ్మకందారు మీదే మిగిలిపోతుంది. దానికి ఎఫ్‌సీఏ (చెప్పిన చోట రవాణాదారుకు అప్పగించగానే బాధ్యత మారేది) సరైనది. సరుకు యాజమాన్యం ఎప్పుడు మారుతుందో ఇన్‌కోటర్మ్స్ అసలు చెప్పవు. ఈ ప్రశ్న పరీక్షలో అడిగితే సగం తరగతి పొరపాటు పడుతుంది.

గణాంకాల పనిలో జంటకు ఒక ప్రత్యేకమైన అవకాశం ఉంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య గణాంకాల డేటాబేస్ కామ్‌ట్రేడ్ నుంచి ఏదైనా రెండు దేశాల మధ్య ఒక సరుకు వ్యాపారాన్ని తీసుకోండి. ఒకరు ఎగుమతి చేసిన దేశం చెప్పిన అంకెలు, ఇంకొకరు దిగుమతి చేసుకున్న దేశం చెప్పిన అంకెలు దించుకోండి. రెండూ కలవవు. ఎందుకు కలవవో రాయడమే అభ్యాసం. ఎగుమతిని సాధారణంగా ఎఫ్ఓబీ విలువతో, దిగుమతిని సీఐఎఫ్ విలువతో నమోదు చేస్తారు కాబట్టి కిరాయి, బీమా తేడా ఉంటుంది. డిసెంబరులో బయలుదేరిన సరుకు జనవరిలో చేరితే సంవత్సరం మారుతుంది. మూడో దేశపు రేవు మీదుగా వెళితే ఎగుమతిదారు ఆ రేవును గమ్యంగా చూపవచ్చు, దిగుమతిదారు మాత్రం అసలు పుట్టిన దేశాన్ని రాస్తాడు. దించుకునే ముందు ఇద్దరూ హెచ్ఎస్ కోడ్ (సరుకులను వర్గీకరించే అంతర్జాతీయ సంఖ్య) కూర్పు ఒకటేనా అని తప్పక చూసుకోవాలి. మొదటి 6 అంకెలే ప్రపంచమంతా ఒకటి. అవి కూడా కూర్పు మారితే మారతాయి. స్మార్ట్‌ఫోన్లకు 8517.13 అనే సొంత ఉపశీర్షిక వచ్చింది 2022 కూర్పులోనే. ఒకరు 2017 కూర్పులో, ఇంకొకరు 2022 కూర్పులో దించితే తేడా వ్యాపారానిది కాదు, కోడ్‌ది. రెండు రోజుల పని వృథా అవుతుంది.

విదేశీ మారకం లెక్కలకు కూడా చెరో దారి పట్టడం మంచిది. ఏడాది తర్వాత 1,00,000 విదేశీ కరెన్సీ రావాలి. స్పాట్ రేటు (ఒక విదేశీ కరెన్సీకి ఈరోజు వచ్చే స్వదేశీ కరెన్సీ) 1.10, స్వదేశీ వడ్డీ 5 శాతం, విదేశీ వడ్డీ 3 శాతం అనుకోండి. ఒకరు ఫార్వర్డ్ (ఏడాది తర్వాతి మారకం రేటును ఇప్పుడే ఖాయం చేసుకునే) దారిలో వెళ్లాలి: 1.10ని 1.05తో గుణించి 1.03తో భాగిస్తే 1.12136, అంటే 1,12,136. రెండోవారు మనీ మార్కెట్ దారిలో వెళ్లాలి: 97,087 విదేశీ కరెన్సీ అప్పు తీసుకుని, స్పాట్‌లో మార్చి 1,06,796 చేసి, 5 శాతానికి పెడితే మళ్లీ 1,12,136. జవాబులు కలవకపోతే కారణం దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటి. మూడు నెలల లెక్కకు ఏడాది వడ్డీని నాలుగో వంతు చేయకుండా వాడటం, లేదా రేటును తిరగేసి రాయడం.

ఇంట్లో సాగనిది సంప్రదింపుల అభ్యాసం. దీన్ని నిర్మొహమాటంగా చెబుతున్నాం. భార్యాభర్తలకు ఒకరి మౌనం ఒకరికి తెలుసు, ఎక్కడ తగ్గుతారో తెలుసు. అందుకే తొందరగా ఒప్పందానికి వస్తారు, లేదా పాత విషయాలు మధ్యలోకి వస్తాయి. కనిష్ఠ ధరను ముందే కాగితం మీద రాసి మూసిపెట్టుకున్నా కొద్దిగానే మెరుగు. ఈ సబ్జెక్టుకు తరగతిలో మరొకరితో జత కట్టండి. ఇంట్లో చేయాల్సింది సన్నాహం మాత్రమే: ఒప్పందం కుదరకపోతే ఎదుటివారికి మిగిలే దారి ఏమిటో రెండోవారి చేత ఊహించి రాయించుకోవడం.

సిద్ధాంతాల పాఠాలు పంచుకుని చదవవచ్చు. 1977 నాటి ఉప్సలా నమూనా (కంపెనీలు విదేశాలకు అంచెలంచెలుగా వెళ్తాయన్నది), డన్నింగ్ ఓఎల్ఐ (కంపెనీ విదేశంలో ఎందుకు పెట్టుబడి పెడుతుందో చెప్పేది), 2001లో గెమావత్ చెప్పిన దేశాల మధ్య నాలుగు రకాల దూరాలు, ఇలాంటివి ఒకరు చదివి రెండోవారికి పావుగంటలో చెబితే చెప్పినవారికీ విన్నవారికీ నిలుస్తాయి. లెక్కలున్న పాఠాలు మాత్రం ఇలా పంచుకోవద్దు. విన్న లెక్క పరీక్షలో చేతికి రాదు.

ఇక రాతపని. జంటలకు అతి పెద్ద ముప్పు ఇక్కడే ఉంది. ఒకే ఇంట్లో, ఒకే వ్యాసాలు చదివి, ఒకే సంభాషణ జరిపి రాసిన రెండు అసైన్‌మెంట్లు తెలియకుండానే ఒకే క్రమంలో, ఒకే ఉదాహరణలతో వస్తాయి. టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ వాక్యాలను పోల్చి చూపిస్తుంది. వాదన క్రమాన్ని అధ్యాపకులే పట్టేస్తారు. కాపీ కొట్టలేదని ఇద్దరికీ తెలిసినా, కుమ్మక్కు ఆరోపణకు అది జవాబు కాదు. మేం పాటించమని చెప్పే నియమాలు కఠినమైనవే. ఉమ్మడి నోట్స్‌లో వాస్తవాలు, అంకెలు, పేజీ నంబర్లు మాత్రమే ఉండాలి, ఒక్క పూర్తి వాక్యం కూడా ఉండకూడదు. కేసు ఎంచుకునే వీలుంటే ఇద్దరూ వేర్వేరు పరిశ్రమలు తీసుకోవాలి. చిత్తుప్రతిని ఇద్దరూ సమర్పించే వరకు ఒకరిది ఒకరు చూడకూడదు, అచ్చుతప్పుల కోసం కూడా. ఎవరి ఫైలు వారి ఖాతాలోనే, మార్పుల చరిత్ర నిలిచే చోట రాయాలి. ప్రశ్న వస్తే అదే రుజువు.

గ్రూపు పనికి వేర్వేరు గ్రూపుల్లో వేయమని మొదటి వారంలోనే అధ్యాపకులను అడగండి. ఐదుగురి గ్రూపులో జంట ఉంటే రెండు ఓట్లు ఒకే వైపు పడతాయని మిగతా ముగ్గురూ అనుకుంటారు, నిజం కాకపోయినా. చివర్లో సహచరులకు మార్కులు వేసే ఫారం ఉంటే ఇబ్బంది ఇంకా ఎక్కువ. వ్యాపార సిమ్యులేషన్‌లో ఇద్దరూ పోటీ కంపెనీల్లో ఉంటే రౌండు ముగిసేదాకా ధరల మాట ఇంట్లో ఎత్తకూడదు. దాన్ని గ్రూపుకు కూడా బాహాటంగా చెప్పేయడం మేలు.

గంటల లెక్క ముందుగా వేసుకోనివాళ్లే రెండో సెమిస్టర్‌లో ఆగిపోతారు. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లంటే మనిషికి 750 నుంచి 900 గంటలు. పరీక్షలతో కలిపి 20 వారాలనుకుంటే వారానికి 37.5 నుంచి 45 గంటలు, ఇద్దరికీ కలిపి 75 నుంచి 90. ఇంటిపని, పిల్లలు, ఉద్యోగం ఈ లెక్కలో లేవు. ఒంటరి విద్యార్థికి పరీక్షల వారంలో ఇల్లు చూసేవారు ఒకరు ఉండవచ్చు. ఇద్దరూ విద్యార్థులైతే ఇద్దరికీ అదే వారం పరీక్షలు. అందుకే కోర్ సబ్జెక్టులు కలిసి, ఎలక్టివ్‌లు విడిగా తీసుకోవడం మంచిది. ఒకరికి రాతపరీక్షతో ముగిసేవి, ఇంకొకరికి ప్రాజెక్టుతో ముగిసేవి అయితే ఒత్తిడి ఒకే రోజు పడదు. చిన్నపిల్లలుంటే ఒకరు 30, ఒకరు 20 క్రెడిట్లు తీసుకోవడమే సరి, డిగ్రీ కొంత ఆలస్యమైనా.

దరఖాస్తు దశలో జంటలు పోగొట్టుకునేది ఎక్కువగా తేదీల వల్లే. జీమ్యాట్, జీఆర్ఈ స్కోర్లు 5 ఏళ్లు చెల్లుతాయి, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ 2 ఏళ్లే. కాబట్టి మొదట జీమ్యాట్, చివర భాషా పరీక్ష. ఒకరి స్కోరు ముందొచ్చినా ఇద్దరూ ఒకే రౌండులో దరఖాస్తు చేయడం మేలు. ఒకరికి సీటు వచ్చి ఇంకొకరిది వెయిటింగ్‌లో ఉంటే అడ్వాన్సు ఫీజు గడువు ఆగదు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినవారు పాత సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, పరీక్ష రిజిస్ట్రేషన్ మూడింట్లో పేరు సరిచూసుకోవాలి. విదేశానికి వెళ్లేవారికి వివాహ ధ్రువపత్రంపై 1961 హేగ్ ఒప్పందం ప్రకారం అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరించే) ముద్ర, అధికారిక అనువాదం అవసరం పడవచ్చు. వీసాలు రెండూ విద్యార్థి వీసాలేనా, ఒకటి ఆధారిత (డిపెండెంట్) వీసానా అన్నది దరఖాస్తుకు ముందే తేల్చుకోండి. ఒకటి ఆధారిత వీసా అయితే, ప్రధాన విద్యార్థి వీసాలో ఉన్నవారు సెమిస్టర్ ఆపితే ఇద్దరి హోదా కదులుతుంది.

ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు ఒక్కో భాగస్వామ్య విశ్వవిద్యాలయానికి సీట్లు కొద్దే. ఒక్క సీటే ఉన్న చోటును మొదటి ఎంపికగా పెట్టవద్దు. కనీసం రెండు సీట్లున్న చోట్లే ఇద్దరూ ఒకే వరుసలో రాయండి. విడిగా వెళ్లాల్సి వస్తే ఒప్పుకుంటారా లేదా అన్నది జాబితా వెలువడక ముందే మాట్లాడుకోండి, వెలువడ్డాక నిర్ణయానికి వారం కూడా దొరకకపోవచ్చు.

థీసిస్ మాత్రం ఇద్దరిదీ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాం, కార్యక్రమం ఒప్పుకుంటే. కుదరకపోతే గైడ్లు వేరు, విషయాలు వేరు, డేటా వేరు. రెండోవారు చేయాల్సిన సాయం వాక్యాలు దిద్దడం కాదు. వైవాకు పది రోజుల ముందు సమర్పించిన ప్రతిని మొదటి సారి చదివి, ప్రతి అధ్యాయానికి మూడు ప్రశ్నల చొప్పున రాసి, బయటివారిలా అడగడం.