ప్రొద్దుటూరులో మా లేజర్ మెషిన్: ఏడాది వాడాక

ముప్పై ఏళ్లుగా బంగారం పనిలో ఉన్నాను. పేర్ల లాకెట్లు సన్న రంపంతోనే కోసేవాణ్ణి. పోయిన ఏడాది 50 వాట్ల ఫైబర్ లేజర్ తెచ్చుకున్నాను.

ఉంగరం లోపల పేరు, తేదీ చెక్కడానికి దీన్ని మించింది లేదు. అరమిల్లీమీటరు రేకు కూడా కోస్తుంది, కానీ ఒక్కసారికి తెగదు, అదే గీత మీద చాలాసార్లు తిప్పాలి. వెండి ఇంకా మొండిది. కాంతిని వెనక్కి కొడుతుంది, వేడిని చుట్టూ లాగేస్తుంది. అంచుకు ఆకురాయి ఎలాగూ పట్టాలి.

తెలుగు అక్షరాలతోనే అసలు పని. మొదటి లాకెట్ 'సరిత'. 'స' తలకట్టు విడిగా ఉంటుంది కదా, కోయగానే ఊడి పడిపోయింది! ఇప్పుడు డిజైన్‌లోనే తలకట్టును ఒంటికి కలిపి గీస్తున్నాను.

పొగతో బంగారం పొడి పోతుంది, పీల్చే గొట్టానికి ఫిల్టర్ తప్పనిసరి.

ఒక్క బాధ: మెషిన్ అమ్మినవాళ్లు ఇచ్చిన కళ్లద్దాల మీద అవి ఏ కిరణాన్ని ఆపుతాయో ఏ వివరమూ లేదు. ఈ కిరణం తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, కంటికి కనపడదు. ఆ అంకె ఉన్న అద్దాలు వేరే కొన్నాకే మావాడిని దాని ముందు కూర్చోనిచ్చాను.