నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్: చెట్లకు నాలుగు స్టార్లు, నేలకు రెండే

హైదరాబాద్ నడిబొడ్డున పొద్దున్నే నడవడానికి పాత తోట ఏదని అడిగితే ఇప్పటికీ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పేరే చెబుతాం. నిజాంల నాటి ‘బాగే ఆం’ (అందరి తోట) ఇదే. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. ఎండ ముదరకముందే చేరండి. ఇక్కడి రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని కూడా చూడాలనుకుంటే శుక్రవారం పెట్టుకోవద్దు, ఆ రోజు సెలవు.

చెట్లు ఇంకా తోటను నిలబెడుతున్నాయి. అసలు దెబ్బ నేలకు తగిలింది, ఒకదాని వెంట ఒకటి వచ్చిన భవనాలతో. పక్కనే 1913లో టౌన్‌హాల్ పూర్తయింది, ఇప్పుడది శాసనసభ ప్రాంగణంలో భాగం. 1920లో మ్యూజియం భవనం, 1924లో షాహీ మసీదు వచ్చాయి. ఏడో నిజాం రజతోత్సవం 1937లో జరిగింది ఇక్కడి జూబిలీ హాల్లోనే. ఆ తర్వాత హెల్త్ మ్యూజియం, బాలభవన్, లలిత కళాతోరణం. వీటిలో ఏ ఒక్కదానికీ వంక పెట్టలేం, షాహీ మసీదు అయితే చూసి తీరాల్సిందే. కానీ భవనం ఒంటరిగా రాదు. ప్రహరీ, తారు దారి, పార్కింగ్ వెంట తెచ్చుకుంటుంది. తోట మీద భారం తగ్గిన సందర్భం ఒకటుంది: ఇక్కడి జంతువులను బహదూర్‌పురాకు తరలించి 1963లో నెహ్రూ జూ పార్కు తెరిచారు. కానీ 2019లో రాష్ట్ర అవతరణ వేడుకలు పరేడ్ గ్రౌండ్స్ నుంచి ఇక్కడికి మారి, కొన్నేళ్ళు ఇక్కడే జరిగాయి, భారం మళ్ళీ పెరిగింది.

పెద్ద సభ జరిగితే పచ్చికకు ఏమవుతుందో తోటమాలులను అడగండి. లారీలు, షామియానాలు, వేల పాదాల కింద మట్టి గట్టిపడుతుంది. తర్వాత ఎంత తడిపినా నీరు వేళ్ళదాకా దిగదు, పైపైనే పారిపోతుంది. దానిమీద కొత్త గడ్డి పలకలు పరిస్తే కొన్ని వారాలు పచ్చగా ఉండి ఎండిపోతాయి. ముందు జానెడు లోతున తవ్వి, ఆకు ఎరువు కలిపి, వేళ్ళు పట్టేదాకా రెండు నెలలైనా ఎవరినీ అడుగు పెట్టనివ్వకూడదు. దట్టమైన నీడలో అసలు గడ్డి కోసం పాకులాడొద్దు. గరికకైనా కొరియన్ గడ్డికైనా రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. అక్కడ రాలిన ఆకులనే రెండు మూడంగుళాల మందాన ఉంచితే చాలు, మాను మొదలుకు మాత్రం తగలకుండా.

ఏ పాత తోటకు వెళ్ళినా చెట్ల మొదళ్ళు చూడండి. కూర్చోడానికని మాను చుట్టూ సిమెంటు అరుగు కట్టి మట్టి నింపితే బెరడు ఎప్పుడూ చెమ్మగా ఉండి కుళ్ళుతుంది, వేళ్ళకు గాలి అందదు. పైన ఆకులు ఏళ్ళ తరబడి పచ్చగానే కనిపిస్తాయి, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒక మే నెల ఈదురుగాలికి చెట్టు వేళ్ళతో సహా కూలుతుంది. మాను చుట్టూ కనీసం ఒక మీటరు వదలాలి, పెద్ద చెట్టుకైతే ఇంకా ఎక్కువ. పాత మట్టి మట్టం మీద కొత్త మట్టి పోయనే కూడదు.

కొలనుకు ఒక్క స్టారు కూడా ఇవ్వలేం. చుట్టూ నేల చదును చేసి దారులు వేస్తే వాననీరు కాలువల్లోకి పోతుంది, కొలనులోకి కాదు. నిలవనీటిలో ఆకులు కుళ్ళి నాచు కమ్ముతుంది. వేసవిలో పూడిక తీయడం సగం పనే. చినుకు పడకముందే, మట్టిని ఆపే చిన్న తొట్టితో వాననీటి కాలువను మళ్ళీ కొలనుకు కలపాలి.

అసెంబ్లీ సమావేశాలున్న రోజుల్లో చుట్టుపక్కల వాహనాల ఆంక్షలుంటాయి, కారు తీసుకెళ్ళొద్దు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తాగునీళ్ళు వెంట ఉంచుకోండి.